మాడిసన్ నుంచి మిడ్‌లాండ్ దాకా ఒక గోడ వెంట

మాడిసన్ ఊళ్లో హైలాండ్ అవెన్యూ మీద విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వారి ఫార్మసీ కళాశాల ఉంది. ఫిబ్రవరి చివరి రోజులు. పొద్దు బాగా ఎక్కినా ఎండలో చురుకు లేదు. కాస్త దూరంలో మెండోటా సరస్సు గడ్డకట్టి ఉంది. దాని మీద జనం చిన్న చిన్న గుడారాలు వేసుకుని, మంచుకు రంధ్రాలు తొలిచి చేపలకు గాలాలు వేస్తున్నారు. మా అక్క కొడుకు కారు ఆపి, "ఇక్కడ చూడ్డానికేముంది పిన్నీ?" అన్నాడు.

ఇప్పుడేమీ లేదు. 1998 దాకా మాత్రం ఇక్కడ ఒక చిన్న ఇల్లుండేది. 1937లో కట్టారు. ఆ రోజుల్లో దాని పేరు దేశమంతా మారుమోగింది. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ భార్య ఎలినార్ వచ్చి దాన్ని ప్రారంభించారు. ప్రయోగం కోసం కట్టిన ఇల్లు అరవై ఏళ్లు విస్కాన్సిన్ చలిని తట్టుకుంది. చివరి రోజుల్లో చంటిపిల్లల సంరక్షణ కేంద్రంగా ఉండేది. కళాశాలకు స్థలం కావలసి వచ్చి తీసేశారు. ఇటుక పేర్చకుండా, ముందే తయారుచేసిన పలకలను తెచ్చి నిలబెట్టి ఇల్లు కట్టే పద్ధతికి ఆదిలో నిలిచిన ఇళ్లలో అదొకటి. చలిదేశాల్లో ఇవాళ కరెంటు, గ్యాసు ఆదా చేయడానికి కట్టే థర్మోకోల్ నింపిన ప్యానెల్ ఇళ్లకు వంశవృక్షం గీస్తే మొదలు ఈ వీధిలోనే పడుతుంది. మొదలు ఎక్కడుందో చూసి, ఆ కొమ్మలు ఎటు సాగాయో వెతుక్కుంటూ మిషిగన్ దాకా వెళ్లాలని నా ప్రయాణం.

ఆ ఇంటిని కట్టినవాళ్లు పక్కనే ఉన్న ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లాబొరేటరీ ఇంజినీర్లు. అమెరికా అటవీ శాఖ 1910లో పెట్టిన ప్రయోగశాల అది. ఇప్పటికీ నడుస్తోంది. 1930ల్లో అక్కడ వాళ్ల ముందున్న ప్రశ్న ఇది: జనం చేతిలో డబ్బు లేదు, అడవులు తరిగిపోతున్నాయి, తక్కువ కలపతో గట్టి ఇల్లు కట్టడం ఎలా? అంతవరకు ఇంటి బరువంతా నిలువు వాసాలే మోసేవి. పైన కొట్టే చెక్కలు ఒట్టి కప్పడానికే పనికొచ్చేవి. వీళ్లు సన్నటి వాసాలకు రెండు వైపులా ప్లైవుడ్‌ను జిగురుతో అంటించి చూశారు. అంటుకున్న ప్లైవుడ్ కూడా బరువు పంచుకుంటుందని తేలింది. అలా గోడ చర్మమే గోడ ఎముక అయింది. 1935 నుంచి ఆ లెక్కతో పలకలు చేసి ఇళ్లు కట్టి చూపించారు.

ఆ ప్రయోగశాల ఓపికకు దణ్ణం పెట్టాలి. 1947లో వాళ్లు మరో అడుగు వేసి, గోడ మధ్యలో వాసాలు తీసేసి ముడతల అట్ట నింపారు. బయటి పొరలకు ప్లైవుడ్, గట్టి హార్డ్‌బోర్డు, రసాయనం పట్టించిన అట్ట, ఇలా రకరకాలుగా వాడి ఒక చిన్న కట్టడం లేపారు. లేపి ఊరుకోలేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఎండకూ మంచుకూ వదిలేసి, 1978లో విప్పి, ఒక్కో పలకను మళ్లీ పరీక్షించారు. చాలావాటి బలం తగ్గలేదు. బయట అట్టపొర ఉన్నవి మాత్రం నిలవలేదు. ఒక గోడ మంచిదో కాదో చెప్పడానికి ఒక తరం ఆగినవాళ్లు వాళ్లు. మన దగ్గర కొత్త రకం గోడ వస్తే గృహప్రవేశం నాటికే తీర్పు చెప్పేస్తాం.

అక్కడి నుంచి టోఫర్ అవెన్యూకి వెళ్లాం. వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1937లో పూర్తిచేసిన జేకబ్స్ ఇల్లు అక్కడుంది. 2019 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. హెర్బర్ట్ జేకబ్స్ పత్రికా విలేఖరి, కొత్తగా సంసారం పెట్టినవాడు. అయిదు వేల డాలర్లలో మర్యాదైన ఇల్లు కట్టగలరా అని రైట్‌నే అడిగాడు. రైట్ రుసుముతో కలిపి 5,500 డాలర్లలో అయింది. రోడ్డు మీది నుంచి చూస్తే ఇల్లు మనకు వీపు తిప్పి కూర్చున్నట్టుంటుంది. వీధి వైపు ఎత్తుగా సన్నటి కిటికీల వరస, చదును కప్పు, అడ్డంగా సాగిన చెక్క గీతలు. గాజంతా వెనక తోట వైపే. నేను వచ్చింది ఆ గోడల కోసం. అవి ఇటుకవి కావు, వాసాలవీ కావు. మధ్యలో నిలువు చెక్క, దానికి రెండు పక్కలా కాగితం పొర, ఆపైన లోపలా బయటా పలకలు, మధ్య మధ్య పట్టీలు, అన్నీ స్క్రూలతో బిగించారు. లోపలి గోడే బయటి గోడ. ఒకే పనితో కట్టుబడీ అలంకారమూ రెండూ అయిపోతాయి. పూత, రంగు, వాల్‌పేపరు ఖర్చు మిగిలింది.

చలి సంగతి వేరు. రెండు మూడు అంగుళాల చెక్క మాఘమాసపు విస్కాన్సిన్ గాలిని ఎంతని ఆపుతుంది? రైట్ నేల కింద గొట్టాలు వేసి, వాటిలో వేడిని ప్రవహింపజేసి, పాదాల కింది నుంచి ఇంటిని వెచ్చబరిచాడు. ఆ ఊహ గొప్పదే. కానీ నేల ఇచ్చిన వెచ్చదనాన్ని గోడ బయటికి వదిలేస్తుంటే ఇంధనం బిల్లు ఇంటివాడే కట్టాలి. రైట్ గోడలో రూపం ఉంది, పొదుపు ఉంది, లోపల నింపవలసినదే లేదు. ఆ లోటును పట్టుకున్నవాడు అతని శిష్యుడే. అతని ఊరు మిషిగన్‌లోని మిడ్‌లాండ్. అందుకే అక్కడికి వెళ్లాలి.

జేకబ్స్ దంపతులకు రైట్ తర్వాత కట్టిన రెండో ఇల్లు దగ్గరలోని మిడిల్‌టన్‌లో ఉంది. 1948 నాటిది. ఉత్తరం వైపు ఎత్తుగా మట్టికట్ట పోసి, దక్షిణం వైపు రెండంతస్తుల ఎత్తు గాజు పెట్టి, అర్ధచంద్రాకారంలో కట్టారు. చలికాలపు సూర్యుడు కిందుగా వస్తాడు గనుక పగలంతా ఎండ లోపలి రాతిగోడనూ నేలనూ కాచి ఉంచుతుంది. వేడిని ఆపడం ఒక పద్ధతి, దాచుకోవడం మరొకటి. ప్యానెల్ ఇంటికి మొదటిది వచ్చు, రెండోది రాదు. ఈ తేడా మన ఊళ్ల సంగతికి వచ్చినప్పుడు అవసరపడుతుంది.

మరునాడు మావాడి ఆఫీసులో స్నేహితుడొకతను మాడిసన్‌కు పడమట, పొలాల మధ్య కట్టుకుంటున్న ఇల్లు చూడ్డానికి వెళ్లాం. చుట్టూ మంచు కప్పిన మొక్కజొన్న చేలు, దూరంగా పశువుల కొట్టాలు, ధాన్యం గాదెలు. పునాది, నేల అప్పటికే అయ్యాయి. పొడవాటి లారీలో ప్యానెళ్లు వచ్చాయి. ప్రతిదాని మీద అంకె రాసి ఉంది. ఏ అంకె ఏ మూల నిలబడాలో కాగితం మీద ఉంది. కిటికీల కంతలు కర్మాగారంలోనే కంప్యూటర్ రంపంతో కోసి పంపారు. కరెంటు తీగల కోసం థర్మోకోల్ లోపలే గొట్టంలా రంధ్రాలు తొలిచి ఉంచారు.

ఒక ప్యానెల్ అంచు దగ్గర కూర్చుని తీరిగ్గా చూశాను. రెండు పక్కలా ఓఎస్‌బీ బోర్డు, ఒక్కొక్కటి పదకొండు మిల్లీమీటర్లు. చెక్క పెచ్చుల్ని అడ్డదిడ్డంగా పేర్చి జిగురు పోసి ఒత్తితే తయారయ్యే బోర్డు అది. పెచ్చులు ఒక్కోటి అరచేయంత, కొన్ని బంగారు రంగు, కొన్ని బెల్లం రంగు. మధ్యలో అయిదున్నర అంగుళాల తెల్లటి థర్మోకోల్. టీవీ అట్టపెట్టెలో వచ్చేదాని కంటే గట్టిగా, దగ్గర గింజలతో ఉంది. గోటితో నొక్కితే గీత పడింది గానీ గింజ ఊడలేదు. అంచు పొడవునా థర్మోకోల్‌ను అంగుళన్నర లోతు తవ్వి ఖాళీ ఉంచారు. ఆ గాడిలోకి కింద నేలకు బిగించిన చెక్క దిమ్మె దిగి కూర్చోవాలి. మొత్తం మందం దాదాపు ఆరున్నర అంగుళాలు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు పలకైతే ఇద్దరు మనుషులు పట్టుకుని నడిచేస్తారు. ఎనిమిదడుగులకు ఇరవై నాలుగడుగుల పెద్ద పలకలు మూడు వందల కిలోల పైచిలుకు ఉంటాయి, వాటికి క్రేన్ కావాలి.

థర్మోకోల్‌లో నూటికి తొంభై ఎనిమిది వంతులు గాలే. కదలని గాలి వేడిని సులభంగా దాటనివ్వదు. ఆ గాలిని లక్షల చిన్న గదుల్లో బంధించడమే ఇందులోని కిటుకు. లెక్క వేసుకుంటే, ఈ అయిదున్నర అంగుళాలు ఆపినంత వేడిని మన కాల్చిన ఇటుక గోడ ఆపాలంటే దాదాపు పదడుగుల మందం ఉండాలి. కాంక్రీటైతే అంతకు రెట్టింపు. మన తొమ్మిదంగుళాల గోడ మీద మనకున్న నమ్మకం బలం విషయంలో సరైనదే, వేడి విషయంలో కాదు.

చిన్నప్పుడు పిడుగురాళ్లలో వేసవి సెలవుల్లో మంచుదిమ్మెల బండి వచ్చేది. దిమ్మెను వరి ఊకలో పూడ్చి, పైన తడి గోనెపట్టా కప్పి తెచ్చేవాడు. నలభై అయిదు డిగ్రీల ఎండలో ఊరంతా తిరిగినా అడుగు దిమ్మె అలాగే ఉండేది. ఊక చేసిన పని, ఈ థర్మోకోల్ చేసే పని ఒకటే. చలిని లోపల ఆపేది వేడినీ లోపల ఆపుతుంది. ఊకకు ఏ దిక్కుకు కాపలా కాస్తున్నానో తెలియనక్కర్లేదు.

పని మొదలైంది. నన్ను ఆకట్టుకున్నది క్రేన్ కాదు, మేస్త్రి చేతిలోని తుపాకీ లాంటి నురుగు గొట్టం. ఆ నురుగు డబ్బాలు చలికి గడ్డకడితే సరిగా పొంగవు. అందుకని వాటిని వ్యాను లోపల హీటరు దగ్గర ఒక పెట్టెలో దాచి, ఒక్కోటే కోటు లోపల పెట్టుకుని తెస్తున్నాడు. ముందు చెక్క దిమ్మెకు రెండు వరసల జిగురు లాగాడు. పలక దించాక, పక్క పలకతో కలిసే చోట గాడిలో కింది నుంచి పైదాకా ఎడతెగకుండా నురుగు నింపాడు. ఆ సందులోకి సన్నటి అతుకు పట్టీ దూర్చాడు. సుత్తితో కొట్టి రెండు పలకల్ని దగ్గరికి తెచ్చాడు. సందులోంచి నురుగు ఉబ్బి బయటికి వచ్చింది. అలా బయటికి రావాలట. రాకపోతే లోపల ఖాళీ ఉన్నట్టు. ఒక చోట రాలేదు. ఎవరూ ఏమీ అనలేదు. పలకను మళ్లీ విడదీసి, నురుగు నింపి, మళ్లీ బిగించారు. అదయ్యాక లోపలి వైపు అతుకు మీద వెడల్పాటి టేపు అంటించి, చిన్న చెక్కముక్కతో గట్టిగా రుద్దాడు. సాయంత్రానికి నాలుగు గోడలు లేచాయి. ఆ రోజు పనిలో సగం పలకల మీద కాదు, పలకకూ పలకకూ మధ్యనున్న వేలెడు సందు మీదే పోయింది.

అంత పట్టింపు ఎందుకో అదే బృందం పూర్తిచేసిన మరో ఇంట్లో తెలిసింది. అక్కడ గాలి పరీక్ష జరుగుతోంది. పరీక్ష చేసే అమ్మాయి వీధి తలుపు చట్రానికి ఎర్రటి గుడ్డ బిగించి, దాంట్లో పెద్ద ఫ్యాను అమర్చింది. ఫ్యాను ఇంట్లోని గాలిని బయటికి లాగుతుంటే, లోపలి ఒత్తిడి బయటికంటే యాభై పాస్కల్స్ తగ్గేలా నిలిపింది. ఇంటికి ఎక్కడ సందున్నా గాలి ఆ సందులోంచి లోపలికి ఈలవేసుకుంటూ వస్తుంది. అమ్మాయి చేతిలో పెన్నులాంటిది, దాని కొసన తెల్లటి పొగ. గోడల అతుకుల వెంట నడిపింది, పొగ నిటారుగా లేచింది. కిటికీల చుట్టూ అంతే. నిచ్చెన ఎక్కి, కప్పు రెండు వాలులూ కలిసే నడికొప్పు కింద పెట్టింది. పొగ ఒక్క చోట అడ్డంగా విరిగింది. పెన్సిలుతో అక్కడ గుర్తు పెట్టింది. మేస్త్రి వచ్చి చూసి, తల ఊపి, నిచ్చెన పైకెక్కాడు.

ఆ నడికొప్పు సందు ఎంత ప్రమాదమో చెప్పడానికి అలాస్కాలోని జూనో ఊరి కథ ఉంది. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ అది తెలుసు. వాన ఎడతెగని చలి ఊరు అది. అక్కడ ప్యానెల్ కప్పులున్న ఇళ్లలో 2000 తర్వాత తొలి ఏళ్లలో పైబోర్డులు కుళ్లిపోయి కనిపించాయి. పలకలు చెడ్డవేమో అనుకున్నారు. విప్పి చూస్తే పలకల నడుమ బాగానే ఉంది, అతుకుల వెంటే కుళ్లు. ఇంట్లో వంట, స్నానాలు, ఊపిరి, వీటన్నిటి తేమతో నిండిన వెచ్చటి గాలి తేలికై పైకి వెళ్తుంది. సరిగా మూయని అతుకులోంచి బయటికి దూరుతుంది. బయటి బోర్డు చల్లగా ఉండటంతో దాని కింద నీరై అంటుకుంటుంది. ఏళ్ల తరబడి అలా తడిస్తే ఏ చెక్కైనా పుచ్చిపోతుంది. టెనెసీలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల పరీక్షలో ప్యానెల్ గది, మామూలు వాసాల గదితో పోలిస్తే పదో వంతు కూడా గాలి వదల్లేదు. అంత బిగువు ఉన్న కట్టడంలో మిగిలిన ఒకే ఒక్క సందు మీద భారమంతా పడుతుంది. నేను ఈ ప్రయాణంలో విన్నవాటిలో, చూసినవాటిలో అన్నిటికంటే గట్టిగా పట్టుకున్నది ఇదే: ప్యానెల్ ఇల్లు అంటే అతుకుల ఇల్లు. పలకను కర్మాగారం చేస్తుంది, ఇంటిని అతుకు వేసిన చెయ్యి చేస్తుంది.

ఇంత బిగించాక మనుషులకు గాలి ఎలా? దానికో యంత్రం పెడతారు. పాత గాలి బయటికి పోతూ తన వెచ్చదనాన్ని లోపలికొచ్చే కొత్త గాలికి ఒప్పజెప్పిపోతుంది. రెండూ కలవవు, మధ్యనున్న పలచటి రేకుల్లోంచి వేడి మాత్రమే చేతులు మారుతుంది. ఆ యంత్రం లేని ప్యానెల్ ఇల్లు సగం ఇల్లే.

మిడ్‌లాండ్‌కు వేసవిలోనైతే దగ్గర దారుంది. మానిటోవాక్ రేవులో బాడ్జర్ అనే పాత బొగ్గు ఓడ ఎక్కి, కారుతో సహా మిషిగన్ సరస్సు దాటి, లడింగ్టన్‌లో దిగవచ్చు. చలికాలంలో ఓడ నడవదు. షికాగో మీదుగా సరస్సు అడుగంచు చుట్టి వెళ్లాం. దారి పొడవునా అవే గోదాములు, పెట్రోలు బంకులు, మురికి మంచు. ఇండియానా దాటాక చీకటి పడింది. మావాడి భార్య కట్టిచ్చిన పులిహోర, వడియాలు ఆ దారిని కాస్త కుదించాయి.

మిడ్‌లాండ్ రసాయనాల ఊరు. హెర్బర్ట్ డౌ 1897లో ఇక్కడి ఉప్పునీటి ఊటల్ని నమ్ముకుని కంపెనీ పెట్టాడు. అతని కొడుకు ఆల్డెన్ తండ్రి దారిలో నడవకుండా వాస్తుశిల్పి అయ్యాడు. 1933లో విస్కాన్సిన్‌లోని టాలీసిన్‌కు వెళ్లి రైట్ దగ్గర కొన్నాళ్లు శిష్యరికం చేసి వచ్చాడు. వచ్చిన మరుసటి ఏడు తన ఇల్లూ కార్యాలయమూ మొదలుపెట్టాడు. ఇప్పుడది సందర్శకులకు తెరిచి ఉంది. ముందే చెప్పి వెళ్లాలి.

ఒక చెరువు ఒడ్డున, తెల్లటి దిమ్మెలు మెట్లుమెట్లుగా నీళ్లలోకి దిగుతాయి. ఒక గది నేల నీటి మట్టానికి కిందుగా ఉంటుంది. కిటికీలోంచి చూస్తే నీళ్లు, మేం వెళ్లినప్పుడు మంచు, మన నడుము ఎత్తున కనిపిస్తాయి. ఆ దిమ్మెలు ఆల్డెన్ సొంతంగా రూపొందించి పేటెంటు తీసుకున్నవి. కంపెనీ బొయిలర్లలో కాలగా మిగిలిన బొగ్గు చిట్టెంతో పోసినవి. ఊరి చెత్తతో ఇల్లు కట్టాలన్న బుద్ధి ఉన్నవాడికి ఊరి కర్మాగారంలో పుట్టిన కొత్త పదార్థం కంట పడకుండా ఎలా ఉంటుంది?

ఆ పదార్థం స్టైరోఫోమ్. స్వీడన్‌కు చెందిన కార్ల్ మంటర్స్ అనే ఇంజినీరు అంతకుముందే పేటెంటు తీసుకున్నదాన్ని, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో డౌ కంపెనీలోని రే మెకింటైర్ తన ప్రయోగాల్లో తిరిగి కనిపెట్టాడు. కంపెనీ హక్కులు కొనుక్కుంది. నీరు పీల్చదు, తేలుతుంది, అందుకని మొదట తీరరక్షక దళం వారి ప్రాణరక్షణ తెప్పలకు వాడారు. యుద్ధం అయిపోయింది, తెప్పల అవసరం తగ్గింది, ఇళ్ల అవసరం పెరిగింది. రైట్ గోడల్లో చలి ఆగకపోవడం ఆల్డెన్‌ను ముందు నుంచీ బాధిస్తున్న సంగతే. 1950ల మొదట్లో అతను రెండు ప్లైవుడ్ పలకల మధ్య ఆ నురుగును నింపి మిడ్‌లాండ్‌లో ఇళ్లు కట్టాడు. ఇవాళ లారీలో వస్తున్న ప్యానెల్‌కు అచ్చమైన తాత అదే. మాడిసన్ ప్రయోగశాల బలం ఇచ్చింది, రైట్ ఒకే పొరగా చూడటం నేర్పాడు, ఆల్డెన్ నడుమ ఖాళీని నింపాడు. తర్వాత 1973 చమురు సంక్షోభం వచ్చాకే మామూలు అమెరికన్‌కు గోడలోంచి డబ్బు కారిపోతోందని తెలిసొచ్చింది.

ఆ ఇళ్లున్న వీధుల్లో సాయంత్రం నడిచాం. ఎత్తు తక్కువ కప్పులు, పొడవాటి చూర్లు, ముందు పైన్ చెట్లు. ఒకింటి ముందు పెద్దాయన మంచు పారతో తోస్తున్నాడు. ఇల్లు వెచ్చగా ఉంటుందా అని మావాడు అడిగాడు. కప్పు మీద మంచు చూడమన్నాడాయన. పక్కింటి కప్పు మీద మంచు అక్కడక్కడా కరిగి, చూరు నుంచి పొడవాటి మంచుకొమ్ములు వేలాడుతున్నాయి. ఈయన కప్పు మీద మాత్రం మంచు అంగుళం చెక్కు చెదరకుండా పడి ఉంది. లోపలి వేడి పైకి రావట్లేదనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఆ రాత్రి హోటల్ గదిలోంచి పిడుగురాళ్లలో మా అక్కకు ఫోను చేశాను. అక్కడ తెల్లవారుతోంది. డాబా మీద ఒక గది వేయాలని ఆమె చాలా కాలంగా అనుకుంటోంది. పక్కనున్న రెంటచింతల పేరు వేసవిలో వాతావరణ వార్తలకెక్కని ఏడు ఉండదు. ఆ ఊళ్లలో శ్లాబు పగలంతా కాగి, రాత్రంతా కింది గదిలోకి వేడిని వదులుతుంది. నేను చూసినదంతా చెబుతుంటే ఆమె మధ్యలో ఆపి అడిగింది, "అది తడితే డొల్లగా మోగుతుందా? మేకు దిగుతుందా? దిగితే ఉంటుందా?" మన జనం గోడను ముందు వేలితో తట్టే చూస్తారు. డొల్లగా మోగితే మనసు ఒప్పుకోదు. ఆ అనుమానాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. గోడకు అల్మరా తగిలించేవాడు, దేవుడి పటాల మేకు కొట్టేవాడు అడగాల్సిన ప్రశ్నే అది.

ప్యానెల్ మనకు కొత్తదేమీ కాదు. గుంటూరు మిర్చి శీతల గిడ్డంగుల్లో నురుగు నింపిన పఫ్ ప్యానెళ్లు కనిపిస్తాయి. మెట్రో పని జరిగిన చోట్ల ఇంజినీర్ల పోర్టా క్యాబిన్లు వాటితోనే చేశారు. ఇండోర్‌లో కేంద్ర ప్రభుత్వ లైట్ హౌస్ ప్రాజెక్టు కింద, 2021 జనవరి 1న శంకుస్థాపన చేసి, 1,024 ఇళ్లకు ఇనుప చట్రం మీద శాండ్‌విచ్ ప్యానెళ్ల గోడలు తలపెట్టారు. అవి ఓఎస్‌బీ పలకలు కావు. రెండు పక్కలా ఫైబర్ సిమెంటు బోర్డు, నడుమ సిమెంటులో కలిపిన థర్మోకోల్ గింజలు. తట్టితే డొల్లగా మోగదు, మేకు ఆగుతుంది. వేడిని ఆపడంలో ఒట్టి నురుగంత గొప్పది కాదు. మనవాళ్లు బలాన్ని, ఆదాను పక్కపక్కన పెట్టి బేరం కుదుర్చుకున్నారు. ఆ బేరం మన దేశానికి సరైనదేనని నా అభిప్రాయం. చెదలున్న నేల మీద పెచ్చుల బోర్డు నిలబెట్టడం తెలివైన పని కాదు.

అమెరికా గోడను యథాతథంగా తెచ్చుకుంటే మరో చిక్కుంది. విస్కాన్సిన్‌లో తేమ లోపలి నుంచి బయటికి దూరాలని చూస్తుంది. మచిలీపట్నంలో ఏసీ వేసుకున్న గదికి ఇది తిరగబడుతుంది. ఉప్పుగాలి, తేమ బయటి నుంచి లోపలికి దూరి, చల్లటి లోపలి పొర వెనక నీరవుతాయి. జూనోలో కప్పు పైభాగం కుళ్లితే, ఇక్కడ గోడ లోపలి ముఖం బూజు పడుతుంది. అతుకు ఏ వైపు మూయాలో ఊరిని బట్టి నిర్ణయించాలి. ఏసీ లేని ఇంటికి ఇంకో సంగతి. పలచటి ప్యానెల్ వేడిని దాచుకోదు, లోపల పుట్టిన వంటవేడిని బయటికీ పోనివ్వదు. రాత్రి గాలి ఆడేలా ఎదురెదురు కిటికీలు లేకపోతే, ఎంత మంచి గోడైనా ఉక్కపోతను మోస్తుంది.

మంట సంగతి చెప్పకుండా ఉండలేను. నురుగు కాలుతుంది. అమెరికాలో ప్యానెల్ లోపలి ముఖానికి అరంగుళం జిప్సం బోర్డు తప్పనిసరి, నిప్పును పదిహేను నిమిషాలు ఆపడానికి. లండన్‌లో 2017లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు. అక్కడ బయట అతికించిన ప్లాస్టిక్ నడుమున్న పలకలు, వాటి వెనకున్న నురుగు మంటను అంతస్తు నుంచి అంతస్తుకు ఎక్కించాయి. అవి వేరే రకం పలకలే అయినా, పాఠం ఒకటే. చవగ్గా దొరికిందని ఏ నురుగు పడితే అది కొని, కప్పకుండా వదిలేసిన షెడ్డులో మనుషులు పడుకోకూడదు.

అక్కకు నేను చెప్పింది ఇదీ. మొత్తం గది ప్యానెళ్లతో వద్దు, గోడలు తేలిక ఇటుకతో కట్టించు. ఎండ నడినెత్తిన పడే ఊళ్లో దెబ్బంతా కప్పు మీదే, అందుకని కప్పుకు మాత్రం రేకుల మధ్య నురుగున్న ప్యానెల్ వేయించు, లోపల జిప్సం సీలింగ్ మరవకు. కింది గదుల శ్లాబు మీద ఖాళీగా మిగిలే చోట సున్నం పట్టించు. సున్నం బట్టీల ఊళ్లో ఉండి డాబాకు సున్నం వేయకపోవడం అన్యాయం. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లటి కప్పుల విధానమే తెచ్చింది, ఎండను తిప్పికొట్టే తెల్లటి కప్పుల కోసం. తూర్పు గోడలో ఒక కిటికీ, పడమట గోడలో పైన ఒకటి.

"అంతేనా?" అంది.

ఇంకొకటి ఉందన్నాను. ప్యానెల్ అమ్మేవాడు మందం, ధర చెబుతాడు, అవి అందరూ చెబుతారు. వాడు ఇంతకుముందు కప్పు వేసిన ఇల్లొకటి, కనీసం ఒక వర్షాకాలం దాటినది, చూపించమను. లోపలికి వెళ్లి, నడికొప్పు కింద నిలబడి అతుకు చూడు. అగరొత్తి వెలిగించి దగ్గర పెట్టు. పొగ పక్కకు లాగితే ఇంకొకణ్ణి వెతుకు.

"అగరొత్తి చాలా?" అంది అక్క. చాలన్నాను. ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో ఆమె అప్పుడే పేర్లు చెప్పడం మొదలుపెట్టింది.